మోరిలో నల్లనీళ్ళు

సమ్మె మొదలైన వారానికి మా వరుస ముందరి మోరిలో నీళ్ళు తేటపడ్డాయి.

అందరం నవ్వుకున్నాం. గోదావరిఖనికి కాపురానికి వచ్చి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆ మోరికి అడుగున సిమెంటు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మావి పాత క్వార్టర్లు, వరుసకు పన్నెండిళ్ళు. పన్నెండిళ్ళ వాళ్ళూ బొగ్గుబాయికి దిగేవాళ్ళే. స్నానాల నీళ్ళు, డ్యూటీ బట్టలు పిండిన నీళ్ళు అన్నీ ఇళ్ళ ముందున్న ఒకే మోరిలో కలుస్తాయి. మూడు షిఫ్టులకు మూడుసార్లు నల్లగా పారేది. అలాంటిది బియ్యం కడిగిన నీళ్ళు తెల్లగా పోతుంటే మా వరుసలోని సారవ్వ చీపురు పట్టుకుని నడుము మీద చెయ్యేసి నిలబడ్డది.

"సూడుండ్రే! తెలంగాణ అచ్చెదాక గిది గిట్లనే తెల్లగుండాలె. ఇండ్ల నల్లనీళ్ళు వారినయంటే ఎవడో దొంగడ్యూటీ చేసినట్టే" అన్నది.

"అట్లయితే మోరికి కావలి పెట్టు సారక్కా" అన్నాను నేనే.

రెండు వేల పదకొండు సెప్టెంబరు అది. రాష్ట్రం కోసం అందరూ పనులు బంద్ పెట్టిన సమ్మె. షిఫ్టు మారేటప్పుడు మోగే బాయి కూత కూడా ఆగిపోయింది. ఆ కూత వేళ తప్పి మోగితే లోపల ఎవరికో ఏదో అయినట్టు. నాలుగేళ్ళ కింద అలా మోగిన రోజునే కప్పు కూలి మా ఆయన రఘుపతి పోయాడు. అప్పటినుంచి ప్రతి కూతా నా గుండెలోనే మోగుతుంది. అన్నం వండుతూ చేతిలో గంటె పట్టుకునే గడప దాకా పరుగెత్తిన రోజులున్నాయి. సమ్మెలో కూత లేదు కాబట్టి నాకు నిద్ర పట్టాలి. పట్టలేదు. భయపడటానికి అలవాటు పడ్డ మనిషికి కారణం పోతే ఇంకో కారణం దొరుకుతుంది.

నాకు దొరికిన కారణం మూర్తి ఉద్యోగం.

మా ఆయన పోయాక కంపెనీ నా కొడుకు లింగమూర్తికి పని ఇచ్చింది. పని అంటే బదిలీ వర్కరు. ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఆ జాగాలో దిగాలి. దిగిన రోజుకు ఒక మస్టరు పడుతుంది. ఏడాదిలో ఇన్ని అని మస్టర్లు నిండితేనే పర్మినెంటు. మూర్తికి ఇంకా కొన్నే తక్కువున్నాయి. సమ్మె మూడో వారంలో నీళ్ళ నల్లా దగ్గర ఒక మాట పుట్టింది. సమ్మెలో ఉన్న బదిలీ వర్కర్ల పేర్లు కొట్టేస్తారట. ఎవరన్నారని అడిగితే శోభ అనే టైలరమ్మ చెప్పిందన్నారు. ఆమెను అడిగితే ఆఫీసులో ఎవరో అన్నారట అన్నది. ఆ ఎవరో ఎవరని నేను అడగలేదు. నలుగురి నోట్లో అదే మాట వినబడ్డాక అడగాలనిపించదు. ఆ టైలరమ్మకూ నాకూ ఒకటే పేరు. అందుకని ఆ మాట శోభే చెప్పిందని నా మీదకే తిరిగి వచ్చింది. ఇంకో ఇద్దరు తల్లులు నా దగ్గరకే వచ్చి "నిజమేనా శోభక్కా" అని అడిగితే, "నిజమే ఉన్నట్టున్నది" అన్నాను. నేను అన్నాక నాకు ఇంకా గట్టిగా నిజమనిపించింది.

ఆ రోజు అన్నం ముందు మూర్తిని కూర్చోబెట్టాను.

"కొన్ని రోజులు పోయిరా బిడ్డా. పోలీసోల్లు బస్సుల తీస్కపోతున్నరట. మన బాయికి గాదు, అవుతలి బాయికి పో. ఎవలకు ఎరికైతది?"

"అవ్వా, నీకు పిచ్చిలేసిందా? నిన్న సమ్మె టెంట్ల జెండ పట్టుకోని కూసున్న నేను."

"జెండ నీకు బువ్వ వెడ్తదా?"

"ఎరికైతే నన్ను సంపుతరు."

"నౌకరి వోతే నేను సస్త."

వాడు పళ్ళెం నెట్టేశాడు. ఆ మాటతోనే పుట్టినప్పటి నుంచి వాడిని గెలుస్తూ వచ్చాను. ఆ రోజూ గెలిచాను.

మూడు రోజులు పోయాడు. మంథని దగ్గర మేనమామ పొలంలో పనికి పోతున్నాడని వరుసంతా నేనే చెప్పుకున్నాను. తెల్లవారకముందే రైలు పట్టాల వెంట పోయేవాడు, పొద్దుగూకాక వచ్చేవాడు. డ్యూటీ బట్టలు యూరియా సంచిలో వేసి మంచం కింద తోసేవాడు. తడి బొగ్గు వాసన తెలిసిన వాళ్ళకు తెలుస్తుంది. ఎవరైనా లోపలికి వస్తే ఆ వాసనే పట్టిస్తుందని నాకు ప్రాణం కొట్టుకున్నది. నాలుగో రోజు తెల్లారుజామున స్నానాల గదిలో తలుపేసుకుని, చప్పుడు కాకుండా, బండకు కొట్టకుండా చేత్తో పిండి ఉతికాను. మెల్లగా నీళ్ళు వదిలాను. వెనకాలే ఐదు బకెట్ల మంచినీళ్ళు పోశాను. తలుపు తీసి చూస్తే మా ముందు మోరి తేటగా ఉంది. దేవుడికి దండం పెట్టుకున్నాను.

మాది వరుసలో మొదటి ఇల్లు, ఎత్తు మీద. పక్కది బుచ్చన్న వాళ్ళది. వాళ్ళ గడప ముందు మోరిలో బండ కుంగి ఒక గుంట పడింది. పైనుంచి వచ్చిందేదైనా అక్కడ ఆగిపోతుంది. ఇరవై మూడేళ్ళు చూసిన గుంట. భయంలో ఉన్న మనిషికి వెనుక ఏముందో కనబడుతుంది గానీ ముందు ఏముందో కనబడదు.

పొద్దు పొడిచాక సారవ్వ అరుపు వినబడ్డది.

"అయ్యో! గీ నీళ్ళు సూడుండ్రే!"

బుచ్చన్న గడప ముందు గుంటలో సిరాబుడ్డి ఒలికినట్టు నల్లనీళ్ళు. బుచ్చన్న వాళ్ళు తప్ప మిగతా ఇళ్ళ ఆడవాళ్ళం బయటికి వచ్చాం. నేనూ పోయాను. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు.

బుచ్చన్న చెడ్డవాడు కాదు. మా ఆయనతో ఒకే గ్యాంగులో పనిచేసిన మనిషి. కప్పు కూలిన రోజు మట్టిలోంచి మా ఆయనను లాగింది ఆయనే. ఆయన భార్య ఐలవ్వ నా దగ్గర పదకొండు రోజులు పండుకున్నది. ఇదంతా అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే మొదట గుసగుసలే.

"బుచ్చన్న గట్ల చేసెటోడు కాదుల్లా."

"కాదు గని, టెంటుకు అచ్చి నాలుగొద్దులైతుంది గదా."

"పానం బాగలేదట గదా. ఆయాసం."

"ఆయాసమా, ఆఫీసరు మీద ప్రేమనా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతోనే పని సగం అయిపోయింది. ఏ మాటకైనా ముందు భయపడతారు. ఎవరైనా ఒకరు నవ్వితే ఆ మాట అనవచ్చునని అందరికీ ధైర్యం వస్తుంది.

సారవ్వ నా వైపు తిరిగింది. "ఏమే శోభా, పక్కపొంటే ఉంటవు. నీకేమన్న సప్పుడైందా?"

అప్పుడు నేను "లేదు" అంటే చాలు. "ఆ నీళ్ళు పైనుంచి వచ్చినవి" అనమని ఎవరూ అడగలేదు. ఒక్క "లేదు".

"పొద్దుగాల వాళ్ళింట్ల బట్టలు గుంజిన సప్పుడైతే ఇనబడ్డది" అన్నాను.

అబద్ధం కూడా కాదది. ఐలవ్వ రోజూ పొద్దున్నే ఉతుకుతుంది. ఆ పొద్దున కూడా ఉతికింది, చీరలు. నేను అన్నది బట్టలు అని. నా పక్కన నిలబడ్డామె ఇంకొకామెతో చెప్పేటప్పటికి డ్యూటీ బట్టలు అయ్యాయి. ఆ మాట వరుస చివరికి పోయి వచ్చేటప్పటికి, బుచ్చన్న టోపీ మీద దీపంతో పోలీసు బస్సు ఎక్కుతుంటే శోభ కళ్ళారా చూసిందట. నేనే నా చెవులతో విన్నాను. "అవునా?" అని నన్నే అడిగారు. తల ఊపినట్టు గుర్తు. ఊపలేదేమోనని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. ఊపాను.

ఇంటికి వచ్చి, లోపల నిద్రపోతున్న మూర్తి మీద తలుపు దగ్గరేసి బయట తాళం పెట్టాను. తాళం ఉంటే ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు.

టెంటు నుంచి మగవాళ్ళు వచ్చారు. ముందు సదయ్య. యూనియన్ పనులు చూస్తాడు, నాకంటే చిన్నవాడు. గొంతు పెద్దది గానీ మనసు మెత్తనిది.

"అక్కా, ముందుగాల పోయి మాట్లాడుదాం. పెద్దమనిషి" అన్నాడు.

వెనుక నుంచి ఒకడు, "పెద్దమనిషైతే మన పొట్ట గొడ్తడా? నీ సుట్టమా ఏంది సదన్నా?" అన్నాడు.

సదయ్య వెనక్కి తిరిగి ఎవడన్నాడో వెతికాడు. వంద మొహాలు. అన్నవాడు అందులో కలిసిపోయాడు. ఇక సదయ్య గొంతు మారిపోయింది. "సుట్టం లేడు, గిట్టం లేడు! దొంగడ్యూటీ చేసినోడు ఎవడైనా సచ్చినోడే! తీయుండ్రి శవయాత్ర!" అన్నాడు.

ఆ రోజుల్లో దిష్టిబొమ్మలకు శవయాత్రలు తీయడం మాకు మామూలైపోయింది. వెదురు పాడె టెంటు వెనుక తయారుగానే ఉండేది. గడ్డిబొమ్మకు పాత చొక్కా తొడిగారు. డప్పు వచ్చింది, నిప్పుకుండ వచ్చింది. పక్క వరుసల వాళ్ళూ వచ్చారు. వచ్చేవాళ్ళెవరూ ఏమైందని అడగలేదు. ఎవరికి అని మాత్రమే అడిగారు.

పాడెను తెచ్చి బుచ్చన్న గడప ముందు, ఆ నల్లనీళ్ళ పక్కనే దింపారు. తలుపు వేసి ఉంది. లోపల గడియ పెట్టిన చప్పుడు అంతకుముందే విన్నాం. మగవాళ్ళు తలుపు కొట్టారు. "బయటకు రా!" అన్నారు. రాలేదు.

అప్పుడు సారవ్వ అన్నది: "ఆగుండ్రి. దింపుడుకల్లం కాడ పిలుస్తం గదా, గట్ల పిలువాలె. పిలిస్తే సచ్చినోడు లేస్తడేమో సూద్దాం!"

జనం పగలబడి నవ్వారు. శ్మశానానికి పోయేటప్పుడు నడుమ పాడె దింపి, చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతాడని. మా ఆయన చెవిలో అలా పిలిచింది కూడా బుచ్చన్నే అని తరువాత ఎవరో చెప్పారు.

"ఎవలు పిలుస్తరు?"

"శోభక్క! శోభక్కను పిలువుమనుండ్రి. శోకం వెట్టుడు ఆమెకే అచ్చు."

అది నిజం. మా ఆయన పోయిన రోజు నేను ఏడ్చిన ఏడుపు విని కాలనీ కాలనీ ఏడ్చింది. ఆ తరువాత ఏ ఇంట్లో చావైనా మొదలు రాగం ఎత్తుకోవడానికి నన్నే పిలిచేవాళ్ళు. నేను ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. నన్ను ముందుకు తోశారు. ఎవరి చేతులో తెలియదు, చాలా చేతులు. మా ఇంటి తాళం వెనుక మూర్తి ఉన్నాడు. నేను వెనక్కి జరిగితే పడే మొదటి చూపు ఆ తాళం మీదే.

"బుచ్చన్నా!" అని పిలిచాను.

గొంతు వణికింది. జనం మళ్ళీ నవ్వారు.

"బుచ్చన్నా!"

డప్పు ఆగింది. అంతా చెవులు రిక్కించారు.

"బుచ్చన్నా!"

లోపల గడియ తీసిన చప్పుడైంది.

"ఏంది శోభా?" అంటూ ఆయన తలుపు తీశాడు.

మగవాళ్ళు కొడితే తీయని తలుపు. నా గొంతు విని, నాకేమో ఆపద వచ్చిందనుకుని తీశాడు. చేతిలో కర్ర కూడా ఉంది. నన్ను కాపాడటానికో ఏమో. గడప మీద నిలబడి ముందు నన్ను, తరువాత పాడెను, బొమ్మను, జనాన్ని చూశాడు. వెనుక నుంచి ఐలవ్వ ఆయన చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"లేసిండు! సచ్చినోడు లేసిండు!" అని అరుపులు. ఈలలు. ఎవరో చెప్పు విసిరారు. అది ఆయన భుజానికి తగిలి కింద నల్లనీళ్ళలో పడ్డది.

"ఎత్తుకో శోభక్కా! ఎత్తుకో!"

ఎత్తుకున్నాను.

"నెత్తిన దీపం బెట్టుకోని పోతివా అన్నా... మా అందరి దీపాలు ఆర్పుకుంట పోతివా అన్నా..."

ఆడవాళ్ళు అందుకున్నారు. గుండెలు బాదుకుంటూ, నవ్వుతూ, ఏడుస్తూ. రెండో చరణం నేను ఎక్కడినుంచి తెచ్చానో తెలియదు. మూడోది దానంతట అదే వచ్చింది. రెండొందల గొంతులు నా వెనుక లేచాయి. నిజం ఒకటి చెప్పాలి. రఘుపతి పోయిన తరువాత ఆ నాలుగేళ్ళలో నాకు భయం లేని సమయం అదొక్కటే. కూత గుర్తుకు రాలేదు. మూర్తి గుర్తుకు రాలేదు. ఎవరికి ఏడుస్తున్నానో కూడా గుర్తు లేదు. నా గొంతు నాది కాదు, అందరిదీ. అందరి గొంతులూ నావి. చేదు మందు మింగే వేళ తేనె నాకినట్టు హాయిగా ఉన్నది. ఇప్పటికీ ఆ హాయి తలచుకుంటే నోరు కడుక్కోవాలనిపిస్తుంది.

ఐలవ్వ చెవులు మూసుకున్నది. "మా ఆయన బతికున్నడే... బతికున్నోనికి ఏడ్వకుండ్రే..." అంటోంది. బతికున్న మనిషికి శోకం పెడితే ఆయుష్షు తరుగుతుందని మాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

బుచ్చన్న దగ్గు వచ్చి కాసేపు గోడ పట్టుకున్నాడు. దగ్గు ఆగాక మోరి వైపు చూశాడు. గుంట నుంచి పైకి, బండ బండా చూసుకుంటూ, మా స్నానాల గది గొట్టం దాకా ఆ చూపు పోయింది. అక్కడి నుంచి నా మీదకు వచ్చింది. నేను కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా రాగం తీశాను.

ఆయన నోరు తెరిస్తే చాలు. వేలు చూపితే చాలు. తలుపు వేసుకుని లోపలికి పోయాడు.

బొమ్మను చౌరస్తా దాకా తీసుకుపోయి కాల్చారు. పన్నెండయ్యేటప్పటికి ఎండ ఎక్కువైంది. పొయ్యి మీదికి ఏం పెట్టాలని మాట్లాడుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. సారవ్వ నన్ను రెండు బెండకాయలు ఉన్నాయా అని అడిగింది.

నేను తాళం తీసేటప్పటికి మూర్తి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మస్తు ఏడ్సినవవ్వా" అన్నాడు. "నేను సచ్చినా గింత మంచిగ ఏడుస్తవో లేదో."

"నీ కోసమేరా..."

"ఎరికే. అందుకే పండుకున్నోన్ని పండుకున్నట్టే ఉన్న."

వాడు తలుపు తన్ని బయటికి వస్తాడని ఒక మూల భయపడ్డాను. రాలేదు. రానందుకు సంతోషపడ్డాను కూడా. మళ్ళీ డ్యూటీకి పోలేదు. మూడు మస్టర్లు, అంతే.

సమ్మె ముగిసింది. మోరి మళ్ళీ నల్లగా పారింది. మా బాయి మీద ఒక్క బదిలీ వర్కరు పేరు కూడా కొట్టేయలేదు. ఆ మాట ఎవరు పుట్టించారని ఎవరూ అడగలేదు.

నెల తరువాత సదయ్య మా ఇంటికి వచ్చాడు. చాయ్ పెట్టాను. గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"అక్కా, సమ్మెల డ్యూటీ చేసినోల్ల కాగితం నా చేతికి అచ్చింది. పదకొండు మంది."

కూర్చున్న చోటినుంచే తలుపు దగ్గరేశాను.

"మూర్తి పేరున్నది" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "మా బామ్మర్ది పేరు సుత ఉన్నది. కాగితం పొయ్యిల వెట్టిన" అన్నాడు.

నేను లేచి ఆయన గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేశాను. ఎందుకు వేశానో నాకు తెలుసు. కాస్త ధైర్యం వచ్చాక అడిగాను.

"బుచ్చన్న పేరు?"

"లేదు."

"మరి చెప్తవా అందరికి?"

"ఎట్ల చెప్తక్కా? బుచ్చన్న కాదంటే, మరి ఎవలు అని అడుగరా?"

గడప దాటుతూ, "ఆనాడు అందరన్నరు. నేనొక్కన్ని అన్ననా?" అన్నాడు. నేనూ ఆ మాటనే చాలాసార్లు అనుకున్నాను. సారవ్వను ఒకసారి కదిలించి చూశాను. "నేనెక్కడిదాన్ని, ఎనుకున్న గదా. ముంగట ఎవలున్నరో ఏమో" అన్నది. ఎవరిని అడిగినా వెనుకే ఉన్నామన్నారు. రెండొందల మంది వెనుకే ఉంటే ముందు ఉన్నది ఎవరు? నేనొక్కదాన్నే ఉన్నట్టు.

బుచ్చన్నతో బాయిలో ఎవరూ టిఫిన్ డబ్బా పంచుకోలేదట. మాటలు పెద్దగా ఏమీ అనలేదు. ఆయన వస్తే నవ్వు ఆపేవాళ్ళు, అంతే. ఐలవ్వ బిందె నల్లా దగ్గర ఎప్పుడూ చివరికే జరిగేది. జరిపినవాళ్ళు ఎవరో కనబడేవారు కాదు.

ఒకరోజు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే బుచ్చన్న గడ్డపారతో మోరిలో కుంగిన బండ లేపుతున్నాడు. రెండు దెబ్బలు వేసి, ఊపిరి అందక ఆగి, మళ్ళీ వేస్తున్నాడు. బండ తీసి, కింద ఇటుక ముక్కలు పెట్టి సరిచేశాడు. చెయ్యి తుడుచుకుంటూ నన్ను చూసి అన్నాడు:

"మోరి సాపు చేసిన శోభా. ఇగ నీ నీళ్ళు నా ముంగట ఆగయి."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. ఆయన కాళ్ళ మీద పడదామని చీపురు కింద పెట్టాను. అంతలో ఎదుటి వరుసలో ఎవరో తలుపు తీసిన చప్పుడైంది. చీపురు తీసుకుని ఊడ్చాను.

మూర్తి పర్మినెంటయ్యాడు. ఊరేగింపుల్లో ముందుండేవాడు. సమ్మెలో పాల్గొన్నందుకు వాడికి ఒక మీటింగులో శాలువా కప్పారు. ఆ ఫోటో మా గోడ మీద ఉంది. నేను దాని కింద అగరొత్తి పెట్టే గూటిలో అగ్గిపెట్టె తీసుకునేటప్పుడు పైకి చూడను.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసయింది. తెల్లారి మా కాలనీ అంతా గులాల్. డప్పులు, పటాకులు. ఆడవాళ్ళం కూడా ఒకరి మొహాలకు ఒకరం పూసుకున్నాం. ఆ పొద్దునే, ఆ డప్పుల మధ్య, బుచ్చన్న పోయాడు. ఆరు నెలలుగా మంచంలోనే ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి అన్నారు దవాఖానలో. ఐలవ్వ అరిచిన అరుపు పటాకుల చప్పుడులో కలిసిపోయింది. పక్కింటి దాన్ని నాకే అరగంట తరువాత తెలిసింది.

మొహం కడుక్కుని పోయాను. వరుసలో అందరూ మొహాలు కడుక్కున్నారు. చావింటికి గులాల్‌తో పోకూడదు కదా. ఇళ్ళిళ్ళ గులాబీరంగు నీళ్ళు మోరిలో పారాయి; మావి బుచ్చన్న గడప ముందుకు వచ్చి ఆగాయి. ఆయన పెట్టిన ఇటుకలు మళ్ళీ కుంగాయి. మంచం పట్టాక వాటిని సరిచేసేవాళ్ళు లేరు.

ఐలవ్వ శవం తల దగ్గర కూర్చుని ఆ గుంటనే చూస్తోంది.

"గీ నీళ్ళు ఎవలింటియో అడుగుతలేరు ఎవ్వలు" అన్నది. ఎవరితోనూ కాదు.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడ వెంట కూర్చున్నారు. సారవ్వ వచ్చింది. చెవుల వెనుక గులాల్ ఇంకా పోలేదు. మూర్తి మగవాళ్ళతో బయట పాడె కడుతున్నాడు. వెదురుకు తాడు గట్టిగా బిగిస్తున్నాడు. మీటింగుల్లో జెండాకర్రలు కట్టి కట్టి చేతులకు అలవాటైంది. అందరూ నా వైపు చూశారు. మామూలే. ఎక్కడైనా మొదలు రాగం నాదే.

నేను ఐలవ్వ పక్కకు జరిగాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు సవరించుకున్నాను. "ఓ అన్నా..." అని ఇంకా అనలేదు. ఐలవ్వ చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టింది.

"నువ్వు ఏడ్సినవు గదనే శోభా" అన్నది. "ఒక్క మనిషికి రెండుసార్లు ఏడుస్తరా?"

అరవలేదు. పక్కనున్న ఇద్దరు ముగ్గురికి మాత్రమే వినబడి ఉంటుంది. నేను కొంగు అలాగే పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. ఆడవాళ్ళు చూస్తున్నారు, నేను ఎప్పుడు ఎత్తుకుంటానా అని. సారవ్వ నన్ను చూసింది. సారవ్వను చూసి మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. ఎవరో ఒకరు మొదలుపెడితే అందుకోవడానికి ముప్పై గొంతులు ఉన్నాయి ఆ ఇంట్లో.

ఎవరూ మొదలుపెట్టలేదు. బయట తాడు బిగించిన చప్పుడు, దూరంగా చౌరస్తాలో డప్పులు. అలాగే లేపారు ఆయనను, ఏడుపు లేకుండా.